మా కార్ఖానా లెక్కలు – సింబాలిక్ లింకులు

మా పద్మానగర్‌లో ఏదైనా దుకాణం వేరే గల్లీకి మారితే, పాత షట్టరు మీద ‘దుకాణం వెనక గల్లీలోకి మారింది’ అని కాగితం అంటిస్తారు. యునిక్స్‌లో సింబాలిక్ లింకు అంటే ఆ కాగితమే. అందులో అడ్రసు ఉంటుంది, సరుకు ఉండదు. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీతో ఇది యునిక్స్‌లో చేరింది. ఇప్పుడు లినక్స్‌లోనూ ఉంది.

మా కార్ఖానా కంప్యూటర్‌లో ఉబుంటు ఉంది. ఏ బీము నుండి ఎన్ని తాకాలు దిగినయ్, ఎవరు ఎన్ని మీటర్లు నేసిండ్రు, ఎవరికెంత పగారు – అన్నీ అందులోనే. మీటరు లెక్కన పగారిచ్చే చోట ఆ లెక్క పోతే ఇంకేమన్నా ఉందా! మా కాక ‘లెక్కలు’ అని ఒక ఫోల్డరు పెట్టుకున్నాడు. అందులో ఏడాదికో పేరు కనిపిస్తుంది కానీ అవన్నీ లింకులు. అసలు ఫైళ్లు రెండో డిస్కులో ఉంటాయి.

దూది పీచు చేరి ఆ కంప్యూటరు వేడెక్కి ఆగిపోతుంటే కొత్తది తెచ్చారు. రిపేరు చేసేటాయన ‘లెక్కలు’ ఫోల్డరును టార్‌తో కట్టి పెన్‌డ్రైవ్‌లో వేసి, “పాత డిస్కులు తుడిచేస్తా” అన్నాడు. మా అన్న ముందు సైజు చూశాడు. కొన్ని కేబీలే! “ఆరేండ్ల లెక్క ఇంత తేలికుంటదా?” అని ఆపాడు. టార్ లోపలి జాబితా తీస్తే ప్రతి పేరు పక్కన ఒక బాణం, దాని ముందు పాత డిస్కు అడ్రసు. కాగితాలు వచ్చాయి, దుకాణాలు రాలేదు.

ఇందులో టార్ తప్పేం లేదు. లింకును లింకుగానే దాచడం దాని పద్ధతి. పోనీ, సీపీకి మైనస్ ఆర్‌తో పాటు పెద్ద ఎల్ కూడా ఇస్తే లింకు వెంట పోయి అసలు ఫైళ్లు తెస్తుంది. కానీ అప్పుడు లింకులు మిగలవు. కాక రోజూ తెరిచే ‘ఈ ఏడు’ కూడా లింకే. అది వేరే నకలైపోతుంది. ఒకదాంట్లో రాసిన పగారు రెండోదాంట్లో కనిపించదు. నాకైతే ఇదే ఎక్కువ ప్రమాదం అనిపించింది, ఎందుకంటే చూడటానికి అంతా బాగానే ఉంటుంది.

అందుకని అన్న లింకులనూ అసలు ఫోల్డర్లనూ కలిపి ఒకే టార్‌గా కట్టాడు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32ది, దానికి లింకులు తెలియవు. టార్‌లో కడితే దానికి అది మామూలు ఫైలే.

కొత్త కంప్యూటర్‌లో విప్పితే లింకులన్నీ ఎర్రగా కనిపించాయి. డిస్కు పేరు మారింది కదా! ‘పద్మానగర్, భివండి, ఠాణే జిల్లా’ అన్నట్టు పూర్తి అడ్రసు రాసిన లింకులవి. రెండు ఫోల్డర్లనూ పక్కపక్కన పెట్టి, ‘పక్క షట్టరు’ అన్నట్టు మళ్లీ లింకులు చేశాడు. ఇక రెండూ కలిసి ఎక్కడికి పోయినా దారి తప్పవు. తర్వాత ఫైండ్‌కు మైనస్ ఎక్స్‌టైప్ ఎల్ ఇచ్చి తెగిన లింకులు వెతికాడు. ఏమీ రాలేదు. అప్పుడు కాకను పిలిచి, “ఇగ పాతయి తుడవమను” అన్నాడు.