తొమ్మిది రోజుల అమీరు

2006 జనవరిలో అమ్మ కువైట్ నుంచి ఫోన్ చేసి, "ఈడ పెద్దాయన పోయినాడు, ఇంట్లో అందరూ టీవీ ముందరే ఏడుస్తాండారు" అంది. పెద్దాయన అంటే అమీరు షేక్ జాబర్. నాకు మాత్రం ఆ నెల డబ్బులు ఆలస్యమవుతాయేమోనని భయం.

1978 నుంచీ యువరాజుగా ఉన్న షేక్ సాద్ అమీరయ్యాడు. కానీ జబ్బు మనిషి. పార్లమెంటులో ప్రమాణం చెయ్యాలి. ఉన్నవి కొద్ది మాటలే, అవైనా పలకగలడా అని అందరికీ అనుమానం. తొమ్మిది రోజులకి, జనవరి 24న, పార్లమెంటే ఓటేసి ఆయన్ని దింపేసింది. షేక్ సబా గద్దెనెక్కాడు.

రాజు కొడుకే రాజు అని కథల్లో చదువుకున్న నాకు ఇది వింతగా తోచింది. అమీరు ముబారక్ వంశంవాడే కావాలి, నిజమే. కానీ యువరాజు ఎవరన్నదానికి పార్లమెంటు సరే అనాలని 1962 రాజ్యాంగం చెప్పింది.

2020లో సబా, 2023లో నవాఫ్ పోయారు. మిషాల్ వచ్చాడు. 2024 మే 10న పార్లమెంటునే రద్దు చేసి, రాజ్యాంగంలో కొన్ని అధికరణాల్ని నాలుగేళ్ళ దాకా పక్కన పెట్టాడు. జూన్‌లో కొత్త యువరాజుని ప్రకటిస్తే, ఓటెయ్యడానికి సభే లేదు.

ఇప్పుడు రాయచోటిలో ఉంటున్న అమ్మకి ఇదంతా చెప్పాను. పన్నెండేళ్ళు అక్కడ వంట చేసినా ఆమెకి ఓటు లేదు, ఉన్నది అకామా ఒక్కటే.

"ఎవరొస్తే నీకేం లేమ్మా" అన్నాను.

"నాకేం లేదు నాయనా. ఆ పొద్దు మేడం ఏడుస్తానే, 'చూడు, మా పార్లమెంటు ఎంత పని చేసిందో' అని గొప్పగా చెప్పుకునింది. ఇప్పుడు ఏం చెప్పుకుంటాదో."