పళ్ళతో పని లేని తిండి

రాగి ముద్దను నమలకూడదు అంటారు బెంగళూరు చుట్టుపక్కల. వేళ్ళతో చిన్న ఉండ తుంచి, సారులో ముంచి, గుటుక్కున మింగేయాలి. నమిలేవాళ్ళు కనబడితే ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. మాది చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన కుటుంబం కాబట్టి మొదట్లో మా ఇంట్లో ఉన్నది బియ్యం వేసి కెలికే సంగటి. ఇక్కడి ముద్ద ఒట్టి పిండితో చేసేది. 1948లో పెట్టిన ఐటిఐ టెలిఫోన్ ఫ్యాక్టరీలో తాతకు పని దొరికి, దూరవాణినగర్‌కు దగ్గరగా ఉంటుందని మహదేవపురలో కాపురం పెట్టాక, మా పొయ్యి మీద రెండూ ఉడికాయి.

అయినా మింగే తిండి గురించి మేమెవరమూ పెద్దగా ఆలోచించలేదు, పోయిన ఏడాది మా చిన్నమ్మాయి స్కూటర్ మీద నుంచి పడేదాకా. కింది దవడ రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి టైటానియం ప్లేట్లు బిగించారు. పై పళ్ళకూ కింది పళ్ళకూ కలిపి తీగ చుట్టి నోరు మూసేశారు. 4 వారాలు తెరవకూడదన్నారు.

ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టినవి మూడు. మందుల చీటీ, మెత్తని గొట్టం తగిలించిన సిరంజి, తీగ కత్తిరించడానికి చిన్న కటింగ్ ప్లయర్. వాంతి వచ్చి ఊపిరాడకపోతే ఏ తీగ ఎక్కడ కత్తిరించాలో అద్దం ముందు నిలబెట్టి చూపించారు. ఆ ప్లయర్‌ను తాడు కట్టి మంచం కోడుకు వేలాడదీశాం. దాన్ని ముట్టుకునే అవసరం ఒక్కసారి కూడా రాలేదు. కానీ రాత్రి పిల్ల కాస్త దగ్గితే చాలు, ఇంట్లో ముగ్గురం ఒకేసారి లేచి కూర్చునేవాళ్ళం.

అసలు కష్టం తిండి దగ్గర వచ్చింది. సిరంజి గొట్టాన్ని బుగ్గ లోపలి నుంచి చివరి పన్ను వెనకదాకా పోనిచ్చి, కొంచెం కొంచెం వదలాలి. పళ్ళ సందుల్లోంచి దిగిందే తిండి. కాగితం మీద రాసిచ్చినవి సూపులు, పాలు, పళ్ళరసాలు, మిల్క్‌షేకులు, ప్రోటీన్ పొడి. అన్నీ చేశాం. ఓట్సు కూడా మిక్సీలో తిప్పి చూశాం (ఓట్స్ మీద మాకు కోపమేమీ లేదు, గొట్టానికే నచ్చలేదు). పల్చగా చేస్తే కడుపు నీళ్ళతో నిండిపోయి గంటకే ఆకలి, చిక్కగా చేస్తే సిరంజి కదలదు. పది రోజుల్లో 4 కిలోలు తగ్గింది. మొహం వాపు దిగుతుంటే బుగ్గ ఎముకలు పైకి తేలాయి. బరువు ఇంకా పడిపోతే ముక్కులోంచి గొట్టం వేయాల్సి రావొచ్చని డాక్టరు చెప్పిన రోజు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

అప్పుడు అవ్వ నోరు విప్పింది. "పసిబిడ్డకు పెట్టినట్టే పెట్టాల. పండ్లు లేనోళ్ళకు తిండి మనింట్లో లేదా ఏంది?" అంది. అవ్వకు 84 ఏళ్ళు. పళ్ళు లేక చాలా కాలమైంది.

కె.ఆర్.పురం సంత నుంచి రాగులు తెప్పించింది. కడిగి, రాళ్ళు గాలించి, ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూట కట్టింది. రెండో రోజుకు తెల్లని మొలకలు గుడ్డను పొడుచుకుని బయటికొచ్చాయి. నీడన ఆరబెట్టి, సన్న సెగ మీద వాసన వచ్చేవరకే వేయించి, చేటలో రుద్ది మొలకల తోకలు ఎగరగొట్టి, మరకు పంపింది. వచ్చిన పిండిని పల్చని పంచె గుడ్డలో జల్లెడ పట్టింది. మన వైపు ఉగ్గుకూ, కన్నడంవాళ్ళ రాగి సరికీ చేసేది ఈ పనే.

మొలకెత్తించడంలో ఉన్న గుట్టు మాకు తర్వాత అర్థమైంది. మొలకెత్తే గింజలో ఒక ఎంజైము పుడుతుంది. జావ నెమ్మదిగా వేడెక్కుతున్నప్పుడు అది పిండిపదార్థాన్ని తుంచేస్తుంది, అందుకే జావ బంకలా బిగుసుకోదు. మామూలు రాగి పిండి గ్లాసు నీళ్ళకు రెండు చెంచాలు వేస్తేనే గడ్డకడుతుంది. మొలక పిండి నాలుగు చెంచాలు వేసినా సిరంజిలో జారింది. అంటే అదే గ్లాసులో రెట్టింపు తిండి. మరీ మాడ్చి వేయిస్తే ఆ ఎంజైము చస్తుంది. అవ్వ సన్న సెగ విషయంలో ఎందుకంత పట్టుపట్టిందో అదీ కారణం, ఆమె మాత్రం "వాసన పోతాది" అనే చెప్పింది. పైగా 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, బియ్యంలో దాదాపు 10. విరిగిన ఎముక ఉన్న ఇంట్లో ఆ అంకె చూస్తే కాస్త ధైర్యం వచ్చింది. డాక్టరు మాత్రం ప్రోటీన్ కూడా పడాలి, ఒక్క రాగులతో కాదన్నారు. కాబట్టి మధ్యాహ్నం పెసరపప్పు మెత్తగా ఉడికించి, మిక్సీలో తిప్పి, వడకట్టి నెయ్యి వేసి, సాయంత్రం ఉలవకట్టు, రాత్రి పాలలో మళ్ళీ జావ. ప్రతిసారీ తర్వాత ఉప్పునీళ్ళతో పుక్కిలింత.

తినేటప్పుడు పిల్ల గోడవైపు తిరిగేది. పెదాల పక్కనుంచి కారుతుందని, చప్పుడవుతుందని సిగ్గు. మమ్మల్ని బయటికి పొమ్మని సైగ చేసేది. మా అవ్వకూ ఇదే అలవాటు, ఎన్నో ఏళ్ళుగా. కట్టించిన పళ్ళసెట్టు గ్లాసులో నీళ్ళలోనే ఉంటుంది. ఎంత పిలిచినా బల్ల దగ్గరికి రాదు, అందరూ తిన్నాక వంటింట్లో తలుపు వైపు వీపు పెట్టి చిగుళ్ళతో అదుముకుని తింటుంది. రెండో వారంలో ఒకరోజు తన గిన్నె చేత్తో పట్టుకుని పిల్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మరుసటి రోజూ అంతే. పిల్ల మాకు ఏదైనా చెప్పాలంటే ఫోన్‌లో టైపు చేసి చూపించేది. అవ్వకు చదువు రాదు, ఇద్దరి మధ్యా చేతి సైగలే. ఆ తలుపు వెనక ఏం నడిచిందో మాకు తెలియదు. ముక్కుతో నవ్వే నవ్వు మాత్రం వినబడేది.

బరువు ఇంకో అరకిలో తగ్గి ఆగింది. నాలుగో వారానికి కిలో పెరిగింది కూడా. ముక్కు గొట్టం మాట మళ్ళీ రాలేదు.

తీగలు తీశాక నోరు ఒక్క వేలు పట్టేంతే తెరుచుకుంది. ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టుకుని సాగదీయమన్నారు. మొదటి రోజు 6 పుల్లలు, తర్వాత వీలును బట్టి ఒక్కోటి పెంచుకుంటూ పోవాలి. ఇంకా కొన్ని వారాలు నమలొద్దన్నారు. ఆ ఆదివారం అవ్వ ముద్ద కెలికించి, పప్పూ ఆకుకూరా ఉడికిన కట్టుతో బస్సారు పెట్టించింది. గోలీకాయంత ఉండలు చేసి నూనె రాసిన పళ్ళెంలో వరసగా పెట్టింది. చిన్నప్పటినుంచీ ముద్ద అంటే మొహం తిప్పుకుని, ఫీనిక్స్ మాల్‌లో పాస్తాకు పరిగెత్తే పిల్ల, పదకొండు మింగింది. ఎదురింటి అజ్జి చూడటానికి వచ్చి, మా ఇంట్లో ముద్ద సరిగ్గా తినడం తెలిసింది ఈ పిల్లకొక్కదానికే అని తీర్పు చెప్పి వెళ్ళింది.

ఇప్పుడు 14 పుల్లలు పడుతున్నాయి. పల్లీ చిక్కీకి డాక్టరు ఇంకా ఒప్పుకోలేదు. మొలక పిండి డబ్బా అడుగంటింది. ఈసారి 3 కిలోలు నానబెట్టమంది అవ్వ, వైట్‌ఫీల్డ్‌లో ఉన్న మనవరాలి బిడ్డకు ఏడో నెల వచ్చిందట.