పిట్ట కొంచెము, కూత ఘనము

మూరెడు పొడవు గల కారొకటి మట్టిబాటపై దుమ్మురేపుచు పరుగెత్తుచుండును. దానిలో చోదకుడు లేడు. అతడు బాటప్రక్కనున్న ఎత్తైన వేదికపై నిలిచి, చేతిలోని పరికరముతో రేడియో తరంగములను పంపి దానిని నడపుచుండును. దీనిని పిల్లల యాటయని నవ్వువారు కలరు. కాని పెద్దలును ఎంతో శ్రద్ధతో ఈ పందెములలో పాల్గొందురు. 1985లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, డెల్ మార్ అను చోట, ఇట్టి విద్యుత్ కార్లకు ప్రపంచపోటీలే జరిగినవి.

ఈ క్రీడాకారులలో చిరకాలముగా నొక వాదము కలదు. కారునకు నైట్రో ఇంజను మేలా, విద్యుత్ మోటారు మేలా?

నైట్రో పక్షమువారు మొదట తమ ఇంజను కూతను వినుమందురు. పిట్ట కొంచెము, కూత ఘనము. అసలు కారులో ఎనిమిదవ వంతు ప్రమాణము గల కార్లలో ఇంజను పరిమాణము 3.5 ఘన సెంటీమీటర్లు మాత్రమే. అయినను అది నిమిషమునకు 30,000 చుట్లకు పైగా తిరుగగలదు. దాని ఇంధనమున మిథనాల్, నైట్రోమీథేన్, కందెన నూనె కలిసియుండును. ఆ నూనెలో మనమెరిగిన ఆముదమును చేర్చుటయు కలదు. నైట్రోమీథేన్ అణువులోనే ఆక్సిజన్ ఉండుటచేత, అంతే గాలితో ఎక్కువ ఇంధనము మండి బలము హెచ్చును.

ఆ ఇంజనును లొంగదీయుట సులభము కాదు. గాలిలోని వేడిమియు తేమయు మారినచో ఇంధనపు పాలును మరల సరిచేయవలెను. పాలు తగ్గినచో ఇంజను మిక్కిలి కాగి చెడును. హెచ్చినచో మందగించి ఆగిపోవును. అనుభవజ్ఞుడు పొగను చూచి, ధ్వనిని విని, మరను ఇసుమంత త్రిప్పి సరిచేయును. ఆ నేర్పు చెవికి అలవాటు కావలసినదే కాని, పుస్తకమున దొరకునది కాదు.

విద్యుత్ కారునకు ఈ చిక్కులు లేవు. మీట నొక్కిన క్షణముననే అది ముందుకు దుముకును. పొగ లేదు, రొద స్వల్పము. లిథియం బ్యాటరీలును, బ్రష్షులు లేని మోటార్లును వచ్చిన తరువాత వేగమున అది నైట్రోకు తీసిపోదు. ఐతే బ్యాటరీ అక్షయపాత్ర కాదు. ఆ పందెములు సాధారణముగా ఐదు పది నిమిషములలో ముగియును.

నైట్రో కార్ల పెద్ద పోటీలలో తుది పందెము గంటసేపు సాగును. చిన్న ట్యాంకులోని ఇంధనము అంతవరకు చాలదు. అందుచే కొన్ని నిమిషములకొకసారి కారు ప్రక్కదారికి రావలెను. అచట కాచియున్న సహాయకుడు దానిని పట్టి, ట్యాంకు నింపి, క్షణములలో విడువవలెను. ఇంజను ఆగినచో మరల నడపించువాడును అతడే. చోదకుడు వేదిక దిగి వచ్చుటకు వీలులేదు. తన గెలుపును క్రిందనున్న వాని చేతిలో పెట్టి నిలువవలసినదే. నైట్రోను ప్రేమించువారు ప్రేమించునది కూతను మాత్రమే కాదు, ఈ తోడును కూడ.

కాని ఆ కూత ఇరుగుపొరుగువారికి బాధ కలిగించును. అదియు గాక, నైట్రోమీథేన్ ప్రేలుడు పదార్థముల తయారీకి ఉపయోగపడును. కావున ఐరోపా సమాఖ్య 2021 నుండి, 16 శాతమునకు మించి అది గల ద్రవములను అనుమతిపత్రము లేని సామాన్యులకు ఇయ్యరాదని నియమించినది. ఒకరి వినోదము పదిమందికి భయము కారాదు గదా! విద్యుత్తు వైపు మొగ్గుట కొందరికి బాధాకరమైనను, అందు న్యాయము లేకపోలేదు.

అట్లయిన ఆ తోడు నశించునా? రెండు పక్షములకును సమానమైన ఆచారమొకటి కలదు. తన పందెము ముగించిన చోదకుడు, తరువాతి పందెమున బాట మలుపులో నిలిచి, బోల్తాపడిన కార్లను లేపి నిలబెట్టవలెను. అది రేపు తన్ను ఓడింపగల వాని కారైనను సరే, ఆలసింపరాదు. ఓడి వచ్చినవాడును, చిన్నబోయిన ముఖముతోనైనను, పోయి ఆ మలుపున నిలుచును. ఆ ఆచారము నిలిచినంతకాలము ఏ శక్తితో నడచినను ఆ క్రీడకు లోటు లేదు.