గుంట గట్టున నేర్చిన పాఠము

వెంకటాచలము స్టేషను నుండి కృష్ణపట్నము ఓడరేవునకు ఒక రైలు మార్గము చీలిపోవును. బొగ్గు బండ్లు ఆ దారిన రేయింబవళ్ళు నడచుచుండును. దక్షిణపు ఆకాశమున అప్పుడప్పుడు శ్రీహరికోట రాకెట్టు పొగచార కనబడును. పిల్లలు తరగతి విడిచి ఆవరణలోనికి పరుగెత్తుదురు. అది మాయమైన పిదప తిరిగి వచ్చి కూర్చుందురు. మేము విడిచిన చోటనుండి న్యూటన్ మూడవ నియమమును నల్లబల్లపై వ్రాయుట కొనసాగింతుము. బయట చూచినదియు బల్లపై ఉన్నదియు ఒకటేయని మేము ఎన్ని సంవత్సరములు చెప్పకుంటిమో తలచుకొన్న సిగ్గగుచున్నది.

ఆ సిగ్గు కలిగించినవాడు ఒక విద్యార్థి. ముత్తుకూరు వైపు పల్లెనుండి వచ్చువాడు. ఒకనాడు ద్రవములలో వాయువులు కరగుటను గూర్చి, హెన్రీ నియమమును గూర్చి బోధించుచుండగా వెనుక బల్లపై నిద్రించుచుండెను. లేపి గద్దించితిమి.

"రాత్రి రెండు గంటలప్పుడు కరెంటు పోయింది సార్. ఏరియేటర్లు ఆగిపోయినాయి. రొయ్యలన్నీ పైకి తేలొచ్చినాయి. జనరేటర్ పట్టుకొచ్చేదాకా గుంట కాడే ఉన్నా," అనెను.

తరగతి నవ్వినది. మాకు నవ్వు రాలేదు. ఎండ కాచిన దినముకన్న మబ్బు పట్టిన దినము తరువాతి రాత్రి ప్రమాదమనియు, నీరు మరీ పచ్చబడిన గుంటలో తెల్లవారుజామున భయమెక్కువ అనియు అతడు చెప్పెను. కారణమడిగిన తెలియదనెను. పాఠకులు మన్నింతురు గాక, ఆ క్షణమున మాకును తెలియలేదు!

ఆ సాయంకాలము వృక్షశాస్త్ర ఉపన్యాసకుని ఆశ్రయించితిమి. నీటిని పచ్చగా చేయునవి సూక్ష్మమైన నాచు మొక్కలు. పగటి వెలుతురులో అవి ఆక్సిజను విడుచును. రాత్రి రొయ్యలతో పాటు అవియు దానినే పీల్చును. మబ్బు దినమున నిల్వ తక్కువ, కోడి కూయు వేళకు అది అడుగంటును. 30 డిగ్రీల మంచినీరు గాలినుండి లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజనునే నిలుపుకొనగలదు. ఉప్పునీరు అంతకన్న తక్కువ. అది 4 మిల్లీగ్రాములకు దిగకుండ చూచుకొనుట రొయ్యల రైతు ఆరాటము. కుర్రవాడు చెప్పిన రెండు మాటలలో రసాయన, జీవ, భౌతిక శాస్త్రములు మూడును, మోటారు మరమ్మతుతో సహా, కలిసియుండెను. మేము వానిని మూడు గంటలుగా, ముగ్గురు అధ్యాపకులకు పంచి పెట్టితిమి.

మరుసటి వారము ఆ గుంట నీటిని రెండు సీసాలలో పట్టి తెప్పించితిమి. ఒకటి తెల్లవారుజామున, ఒకటి మధ్యాహ్నమున. గట్టుననే మాంగనీసు సల్ఫేటు, క్షారము కలిపిన అయొడైడు వేసి బిగించిరి. ప్రయోగశాలలో హైపోతో తూచిరి. తెల్లవారుజాము నీటికి పట్టిన హైపో మధ్యాహ్నపు నీటికి పట్టిన దానిలో సగమైనను లేదు. మార్కుల కొరకు లెక్కలేనన్నిమార్లు బ్యూరెట్టు తిప్పిన పిల్లలు, ఆనాడు ఒక్క బొట్టు ఎక్కువైనదని తగవులాడుకొనిరి.

ఇది క్రొత్త మార్గమనుకొనుట అహంకారము. 1937లో వార్ధా సమావేశము తరువాత, హైదరాబాదున జన్మించిన డాక్టర్ జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము చేతిపని కేంద్రముగా విద్య సాగవలెనని చెప్పెను. ఆనాటి చేతిపని రాట్నము. మా పల్లెలలో నేడది ఏరియేటరు. 1972లో మధ్యప్రదేశమున హోషంగాబాదు జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలలు పిల్లలచే ప్రయోగములు చేయించుచు విజ్ఞానశాస్త్రము బోధింప పూనుకొన్నవి. వారు పరీక్షనే మార్చిరి: పుస్తకము తెరచి వ్రాయవచ్చును, ప్రయోగము చేసి చూపవలెను. 2002లో ప్రభుత్వము ఆ కార్యక్రమమును నిలిపివేసినది. వారు పట్టినది అసలు ముడి అని మా అభిప్రాయము. పాఠము మారి ప్రశ్న మారనిచో, పిల్లవాడు రెండు చదువులు చదువవలసి వచ్చును.

మా విద్యార్థికి అదే జరిగినది. ఆ సంవత్సరము ప్రశ్నపత్రము నిర్వచనములనే అడిగినది. గుంటను గూర్చి అడిగినవారు లేరు. అతడు రసాయనశాస్త్రమున తప్పెను, మరల వ్రాయలేదు.

మొన్న ముత్తుకూరు దారిలో ఎదురై సైకిల్ మోటారు ఆపెను. కుశలప్రశ్నలైన పిదప తల గోకికొనుచు, "సార్, ఆ గాజు మూత సీసాలు ఇంకా ఉన్నాయా? రెండిస్తే తెల్లారగట్ల చూసుకుంటా," అనెను. మరునాడే మందులతో సహా పంపితిమి.