ఆమె అడిగింది నన్ను

మొన్న చలికాలంలో మా అమ్మాయిని రెండో కాన్పుకు ఆసుపత్రిలో చేర్చాం. సిజేరియన్ తప్పదన్నారు. కాగితాలు పట్టుకొచ్చిన నర్సు, "రెండోది కదా, పిల్లల ఆపరేషన్ కూడా చేసేద్దామా?" అంది. నేను చేతిలోని ఫ్లాస్కు కింద పెట్టకుండానే "చేసెయ్యండి మేడమ్, దీంతో ఇద్దరు. ఇంకేం కావాలె?" అనేశాను.

మంచం మీద నుంచి మా అమ్మాయి నెమ్మదిగా అంది: "అమ్మా, ఆమె అడిగింది నన్ను."

ఆ రాత్రి వరండాలో కుర్చీలో కూర్చున్నా నిద్ర పట్టలేదు.

మాది మెదక్ జిల్లా నిజాంపేట. ఇప్పుడు మండల కేంద్రం. నేను కోడలిగా వచ్చినప్పుడు రామాయంపేట మండలంలో ఒక ఊరు, అంతే. 1995లో నాకు ఇరవై రెండేళ్లు, ఇద్దరు పిల్లలు. ఊళ్లో ఆడవాళ్లను జీపులో ఎక్కించుకుని కు.ని. శిబిరానికి తీసుకెళ్లారు. ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పట్లు పరుచుకుని వరుసగా పడుకున్నాం. అత్తమ్మ వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాను. పదో తరగతి చదివినదాన్ని, ఆ కాగితం చదవగలను. చదవలేదు.

నిజం చెప్పాలంటే నాకూ మూడో బిడ్డ వద్దు. అడిగినా అదే చెప్పేదాన్నేమో. కానీ మా ఆయన పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. బరువులెత్తే మనిషి, బలం తగ్గుతుందన్నారు. నాట్లేసే నడుం నాది!

తర్వాత అంగన్‌వాడీ టీచరునయ్యాను. శిబిరాలకు ఎంతమందిని వెంటబెట్టుకెళ్లానో లెక్క లేదు. ఆపరేషన్ల టార్గెట్లను కేంద్రం 1996లోనే ఎత్తేసిందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. నేను తీసుకెళ్లిన ఒక్కరినైనా పక్కకు పిలిచి "నీకిష్టమేనా?" అని అడిగిన గుర్తు లేదు.

మా చిన్నమ్మది ఇంకో కథ. పొద్దస్తమానం బీడీలు చుట్టేది. నడుం నొప్పి, తెల్లబట్ట. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో "ఉంచుకుంటే క్యాన్సర్ అయితది" అన్నారు. బర్రెనమ్మి గర్భసంచి తీయించుకుంది. అప్పటికి ముప్పై ఒక్కేళ్లు. ఇంటి చుట్టుపక్కల వాళ్లు పీడ పోయిందన్నారు. ఆ తర్వాత ఒళ్లంతా ఆవిర్లు, ఎముకల్లో నొప్పులు. చాట ముందు గంటసేపు కూర్చోలేకపోయేది. మందులతో తగ్గే జబ్బేమోనని మాకెవరికీ తోచలేదు. ఇది ఆమె ఒక్కతెకే జరిగిందనుకునేదాన్ని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశంలో నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. అదే సర్వేలో, తెలంగాణలో పెళ్లయిన ప్రతి వందమంది ఆడవాళ్లలో అరవైకి పైగా కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశం మొత్తం చూసినా, మగవాడు ఆపరేషన్ చేయించుకున్న జంటలు నూటికి ఒకటి కూడా లేవు.

మా అమ్మాయి ఈ సంగతులు చదువుతుంటుంది. పటాన్‌చెరు ముచ్చట తనే చెప్పింది. అప్పట్లో అది మన మెదక్ జిల్లాలోదే. 1985లో అక్కడి ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పల్లె ఆడవాళ్ల మీద పరీక్షించారు. హైదరాబాద్ నుంచి స్త్రీశక్తి సంఘటన మహిళలు వెళ్లి మాట్లాడితే, అది ప్రయోగమని వాళ్లకు చెప్పనే లేదని బయటపడింది. విషయం తెలిశాక చాలామంది వద్దని వెళ్లిపోయారు. 1986లో ఆ సంఘం, ఢిల్లీ 'సహేలి' కలిసి సుప్రీంకోర్టుకెక్కాయి. మా ఊరికి ఎంతో దూరం లేని చోట జరిగింది, మాకు మాట మాత్రం తెలియదు.

1994లో అమెరికాలోని షికాగోలో నల్లజాతి స్త్రీలు కొందరు కూర్చుని 'పునరుత్పత్తి న్యాయం' అనే మాట పుట్టించారట. కనే హక్కు, కనకుండా ఉండే హక్కు, కన్న బిడ్డల్ని క్షేమంగా పెంచుకునే హక్కు, మూడూ కలిపి. అదే ఏడాది మన పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారంది. మా బావ 2001లో వార్డు మెంబరుగా నిలబడదామనుకుని, 1997లో పుట్టిన మూడో బిడ్డ వల్ల ఆగిపోయాడు. ఆ కోపమంతా వదిన మీద చూపించాడు! ఆ నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో, తెలంగాణ 2025లో తీసేశాయి. ఎక్కువమందిని కనండని 2024లో చంద్రబాబు నాయుడు పిలుపు కూడా ఇచ్చారు. అప్పుడు వద్దన్నదీ, ఇప్పుడు కావాలంటున్నదీ మా కడుపుల గురించే.

శిబిరాలు మూడేళ్లలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేశారు. తర్వాత నలుగురు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నేను వెంటబెట్టుకెళ్లిన వాళ్ల ముఖాలన్నీ కళ్ల ముందు తిరిగాయి.

తెల్లారాక డాక్టరమ్మ వచ్చింది. ఈసారి నేను నోరు మెదపలేదు. మా అమ్మాయి కాగితం మొత్తం చదివింది, రెండు ప్రశ్నలడిగింది. ఆపరేషన్ ఇప్పుడు వద్దంది. పక్కనున్న అల్లుడు గొంతు సవరించుకుని, "మగవాళ్లకు చేసేది ఎక్కడ చేస్తారు మేడమ్?" అన్నాడు.

మా వియ్యపురాలికి ఈ సంగతి ఇంకా తెలియదు. రాస్తానంటే అల్లుడే "రాయండి అత్తమ్మా, నేను చెప్పే బాధ తప్పుతది" అన్నాడు. ఆదివారం పేపరు ఆమె తప్పకుండా చదువుతుంది.