పైకి చదివే నవల

తరగతిలో చదివి వినిపించే నవలకు మొదటి పరీక్ష నోటిదే. కంటికి హాయిగా కనిపించిన వాక్యం ఒక్కోసారి నోట్లో తడబడుతుంది. అందుకే ఏ పుస్తకమైనా ముందు ఒక అధ్యాయం ఇంట్లో పైకి చదువుకుంటాను. ముళ్లపూడి ‘బుడుగు’ ఇందులో ఇట్టే నెగ్గుతుంది, పిల్లాడు ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. కాకపోతే అందులోని పెద్దవాళ్ల వ్యవహారాలు మూడో తరగతికి అందవు. ఐదో తరగతిదాకా ఆగడం మేలు.

చిన్న తరగతులకు నా ఓటు తెత్సుకో కురొయనాగి ‘టోటోచాన్’కే. తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది. రచయిత్రి సొంత బాల్యమే అయినా నవలలా సాగుతుంది. అధ్యాయాలు చిన్నవి. పోలియో సోకిన యసుఆకిని టోటోచాన్ చెట్టెక్కించే ఘట్టం చూడండి. మొదట తెచ్చిన నిచ్చెన వాడికి పనికిరాదు. వెతికి వెతికి, దానంతట అది నిలబడే మడత నిచ్చెన ఈడ్చుకొస్తుంది. పైదాకా వచ్చాక కూడా వాణ్ని కొమ్మమీదికి లాగడం ఆ చిన్నపిల్లకు తలకు మించిన పనే. అక్కడ చదివే వేగం తగ్గించాలి. వెనక బెంచీ కూడా ఊపిరి బిగబట్టి వింటుంది.

తర్వాత యసుఆకి చనిపోతాడు. ఆ అధ్యాయం వదిలేయమంటారు కొందరు. నేనొప్పుకోను. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న పిల్లలు మన తరగతుల్లోనూ ఉన్నారు, ఆ బాధ ఇంకొకరికీ తెలుసని వాళ్లు వినాలి.

టీచర్లకు ఒక్క మనవి: చదవడం అయ్యాక ప్రశ్నలు మాత్రం అడగకండి.