భిక్షాన్నమూ స్వధర్మమూ

గురుజనులను వధించి రాజ్యమేలడం కన్న భిక్షాన్నంతో బ్రతకడమే మేలని కురుక్షేత్రంలో అర్జునుడు పలికాడు. ధనుర్విద్యనే తన స్వరూపమని నమ్మినవాడు క్షణంలో తానెవరో తెలియని స్థితికి చేరాడు. ప్రథమాధ్యాయానికి అర్జున విషాదయోగమనే నామం నిలిచింది. గురువు ఎదుట ప్రశ్నగా మారినప్పుడు విషాదం కూడా యోగమే.

వేగావతీ తీరాన ఉన్న సాలూరు లారీలకు ప్రసిద్ధి. అక్కడ డ్రైవరు కుమారునికీ, కొండ గ్రామం విడిచి వసతిగృహంలో చదివే గిరిజన బాలికకూ నేడు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "నువ్వేమవుతావు?" ర్యాంకు తగ్గితే తామే తగ్గిపోయామని ఆ లేత మనస్సులు కుములుతాయి. ఉపాధిని ఆత్మగా భ్రమించడమే ఈ దుఃఖానికి మూలం.

"సాలూరు చినగురువుగారు"గా ప్రసిద్ధులైన పట్రాయని సీతారామశాస్త్రిగారు విజయనగరం సంగీత కళాశాలలో గాత్రాచార్యులు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, సంగీతం కోసం ఆ ఊరు చేరిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు వారి శిష్యులయ్యారు. జోలె పట్టి మధూకరంతో ఆకలి తీర్చుకుంటూ ఆయన విద్య నేర్చారు. విద్య ముగిసినా వృత్తి వెంటనే స్థిరపడలేదు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో కారాగారవాసం, పిదప నాటకాలు, మద్రాసులో బృందగానాలు. ఆ తరువాతనే గాయకునిగా ఖ్యాతి. జీవితపు చివరి దశలో ఆయన గానం చేసినది భగవద్గీతనే.

అర్జునుడు కోరినదీ భిక్షే, ఈ బాలుడు స్వీకరించినదీ భిక్షే. మొదటిది కర్తవ్యం నుండి తొలగిపోవడానికి, రెండవది కర్తవ్యంలో నిలవడానికి. కనుక స్వధర్మాన్ని బాహ్యరూపం నిర్ణయించదు, లోపలి దిశ నిర్ణయిస్తుంది. చదువు మార్చుకోదలచిన విద్యార్థి తన్ను తాను ప్రశ్నించుకోవలసినది ఇదే: "భయంతో వీడుతున్నానా, ప్రీతితో ఒకదానివైపు సాగుతున్నానా?" ప్రీతితో అయితే ఆ మార్పు పరాజయం కాదు. భయంతో అయితే నిర్ణయానికి ముందు ఊరట కావాలి.

ఆ ఊరటను ఇవ్వడం పెద్దల ధర్మం. శ్రీకృష్ణుడు ముందుగా అర్జునుని మాట పూర్తిగా విన్నాడు, ఉపదేశం తరువాతిది. తల్లిదండ్రులు కూడా ఫలితం అడుగక ముందు బిడ్డ మనస్సును వినాలి. దుఃఖం నిద్రాహారాలను హరించేంతగా పెరిగితే వైద్యుని ఆశ్రయించాలి. 14416 టెలి మానస్ సేవకు ఫోన్ చేయడం దౌర్బల్యం కాదు. రథం నడపడానికి సారథిని కోరినవాడు అర్జునుడే కదా!